సెల్లులు మార్చిన ఆదివారాలు

శ్రుతిపెట్టె తిత్తి వేయడం మా వాద్యబృందంలో ఎవరికీ ఇష్టముండేది కాదు. ఆ చెక్కపెట్టెను ఒళ్ళో పెట్టుకుని, తిత్తిని ఒకే వేగంతో తెరుస్తూ మూస్తూ కూర్చున్నవాడు తన వాద్యం ముట్టుకోలేడు. అందుకని పాటకు ఒకరు చొప్పున వంతులు వేసుకున్నాం. వంతుల పట్టిక రాసింది నేనే. పట్టిక వచ్చాక తగవులు తగ్గలేదు, పట్టిక మీద తగవులు మొదలయ్యాయి.

ఇది ఎనభైల మొదట్లో సంగతి. నేను ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తిచేసి, ఆదోనిలో ఒక నూలు మిల్లులో చేరి ఏడాది దాటింది. చిన్నప్పటి నుంచి వయొలిన్ నేర్చుకున్నాను. నాకు నేర్పిన అయ్యవారిది మంత్రాలయం దగ్గర పల్లె, కాపురం ఆదోనిలో. గుడి కైంకర్యం చేసుకునే కుటుంబం. ఇంట్లో కన్నడం, పాఠం తెలుగులో. ఆయన దగ్గరా, ఆయన శిష్యుల దగ్గరా విడివిడిగా నేర్చుకుంటున్న కుర్రవాళ్ళను ఒకచోట కూర్చోబెట్టాలని ఆయనకు ఒక పట్టుదల.

"ఒక్కడివే వాయిస్తే తప్పు నీకు మాత్రమే తెలుస్తాదప్పా. నలుగురిలో వాయిస్తే నీకు తప్ప అందరికీ తెలుస్తాది," అనేవారు.

మొత్తం తొమ్మిది మందిమి. అయిదు వయొలిన్లు, ఒక వీణ, ఒక వేణువు, ఒక మృదంగం, ఒక ఘటం. వీణ వాయించే అక్క ఎమ్మిగనూరులో బడిపంతులమ్మ. వేణువు వాయించే అమ్మాయిదీ ఎమ్మిగనూరే. మగ్గాల వీధి. పదిహేడేళ్ళుంటాయి. వాళ్ళ చిన్నతాత భజనల్లో పిల్లనగ్రోవి ఊదేవాడట. ఆయన దగ్గర నేర్చుకుని ఈ అమ్మాయి ఊదుతుంటే అక్క విని, అయ్యవారి దగ్గరికి తీసుకొచ్చింది. ప్రతి ఆదివారం ఇద్దరూ కలిసి బస్సులో ఆదోని వచ్చేవారు. మిగతావాళ్ళం ఊళ్ళోవాళ్ళమే.

సాధన చేసే చోటు ఒక పత్తి వ్యాపారి గోదాము పైగది. రేకుల కప్పు. పత్తి వచ్చే రోజుల్లో గదిలో సగం దాకా బేళ్ళు పేర్చి ఉండేవి. వాటి మధ్య కూర్చుని వాయిస్తే నాదమంతా పత్తిలోకి ఇంకిపోయేది. పక్కవాడి వయొలిన్ కూడా పక్క వీధిలో మోగినట్టుండేది. అందుకని శ్రుతి గట్టిగా వినపడాలి. పాత శ్రుతిపెట్టె అక్కడ చాలేది కాదు.

ఆ రెండు ఇబ్బందులూ ఒక్కసారే తీర్చాలని నేను ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె తయారుచేశాను. ట్రాన్సిస్టర్లు, కండెన్సర్లు బళ్ళారిలో ఒక రేడియో దుకాణంలో కొన్నాను. పెట్టె మా వీధి వడ్రంగి చేశాడు. నాలుగు టార్చి సెల్లులతో పనిచేస్తుంది. బొత్తం నొక్కితే షడ్జమం, పంచమం, ఎవరూ తిత్తి వేయనక్కరలేకుండా ఎంతసేపైనా మోగుతాయి. నేను చదివిన కాలేజీ నుంచి ఒక శ్రుతిదండం అడిగి తెచ్చి, దాన్ని మోగిస్తూ స్వరం సరిచేశాను. తర్వాత దాన్ని తిరిగి ఇచ్చేసి, స్వరం సర్దే మర ఎవరూ తిప్పకుండా లక్కతో సీలు వేశాను. ఆ సీలు చూసుకుని నేను చాలా సంతోషపడ్డాను.

మృదంగం వాయించేవాడికి నేనంటే ఒకింత వేళాకోళం. "ఇంజనీరన్నా, ఇంగ నీ పెట్టెకు ఒక ఉప్మా ప్లేటు ఒద్దు, ఒక తిట్టు ఒద్దు. మాకంటే అదే మేలు," అన్నాడు మొదటి రోజు. అందరూ నవ్వారు. తిత్తి బాధ తప్పినందుకు అందరికీ సంతోషమే.

పెట్టెతో పాటు రెండు పుస్తకాలు కూడా నా బాధ్యతలోకి వచ్చాయి. ఒకటి సామాను పుస్తకం. ఏ ఆదివారం ఎవరి తీగ తెగింది, కమానుకు రుద్దే రాళం ముక్క ఎప్పుడు అయిపోయింది, సెల్లులు ఎప్పుడు మార్చాం, ఇవన్నీ అందులో రాసేవాణ్ణి. రెండోది దోషాల పుస్తకం. అది అయ్యవారు అడిగింది కాదు, నేనే మొదలుపెట్టాను. పేజీకి ఆరు గడులు. తేదీ, రాగం, ఎక్కడ తప్పింది, ఏ వాద్యం, ఏ రకం తప్పు, ఎంత. శ్రుతి తప్పితే 'శ్రు', తాళం తప్పితే 'తా'. మిల్లులో కదుర్ల మీద ఎన్ని దారాలు తెగాయో గంటగంటకూ రాసే అలవాటు నాకు ఉంది. అదే ఇక్కడికీ తెచ్చాను. సాధన అయ్యాక అయ్యవారు పుస్తకం తీసుకుని, అద్దాలు సర్దుకుని చదివి, ఎవరిని ఏం సరిచేసుకోమనాలో చెప్పేవారు.

మూడు నాలుగు నెలలు గడిచేసరికి పుస్తకంలో ఒక వాద్యం పేరు ఎక్కువసార్లు కనపడసాగింది. వేణువు. ఎప్పుడూ ఒకటే రకం తప్పు. శ్రుతికంటే రవ్వంత పైన.

ఒక ఆదివారం మూడో పాట మధ్యలో అయ్యవారు చెయ్యెత్తి ఆపారు. మోహనం వాయిస్తున్నాం. వయొలిన్లన్నీ ఒకచోట, వేణువు వేరేచోట ఉన్నట్టు నాకూ వినపడింది.

"ఏం తల్లీ, పైకి పోతాండావే," అన్నారాయన.

ఆ అమ్మాయి వేణువు ఒళ్ళో పెట్టుకుని నావైపు చూసింది. "పెట్టె రవ్వంత దిగిందేమో సూడన్నా," అంది, చాలా మెల్లగా.

నేను పెట్టె వైపు చూడలేదు. పుస్తకం వెనక పేజీ తిప్పి పెన్సిల్ తీశాను. "ఎండకు రేకులు కాలి గది వేడెక్కుతాది. గాలి వేడైతే ఫ్లూటు స్వరం పైకి పోతాది. పది డిగ్రీలకు ఇంత," అని లెక్క వేసి చూపించాను. "దాన్ని నువ్వే పెదవితో దించుకోవాల. మామూలే అది."

"ఇంజనీరన్న లెక్క ఏస్తే దేవుడు గూడ ఒప్పుకోవాల్సిందే," అన్నాడు మృదంగం వాడు. మళ్ళీ అందరూ నవ్వారు. ఆ అమ్మాయి తల వంచుకుంది. నా లెక్క తప్పు కాదు. అందుకే ఆ తర్వాత జరిగినదంతా జరిగింది.

నిజానికి మృదంగం వాడికి కూడా అదే సమయంలో ఒక ఇబ్బంది ఉంది. పాట పాటకూ రాయితో కింది నుంచి తట్టి, శ్రుతి దించుకోవాల్సి వస్తోందని గొణిగేవాడు. వేడికి, పొడిగాలికి తోలు బిగుసుకుని స్వరం పెరుగుతుందని వాడికీ చెప్పాను. అదీ నిజమే. వయొలిన్ల వాళ్ళం, వీణ అక్క, ప్రతి పాటకు ముందు పెట్టె విని తీగలు సరిచేసుకునేవాళ్ళం. అది అలవాటు కాబట్టి ఎంత సరిచేస్తున్నామో ఎవరూ లెక్కపెట్టలేదు. లెక్కలు రాసే నేను కూడా.

వేణువుకు అలా సరిచేసుకునే వీలు లేదు. వెదురులో కాల్చిన రంధ్రాలు కాల్చినచోటే ఉంటాయి. వేణువును పెదవికి లోపలికి తిప్పుకుంటే స్వరం కొంత దిగుతుంది, కానీ నాదం చచ్చుబడుతుంది. ఆ అమ్మాయి అదే చేయసాగింది. అప్పుడు అయ్యవారు, "శ్రుతి ఒక ఎత్తు. గాలి గూడ చాలడం లేదు నీకు," అన్నారు. నేను 'ఏ రకం తప్పు' గడిలో కొత్తగా 'నాదం తక్కువ' అని రాశాను.

మంత్రాలయంలో ఒక గంట కచేరీకి మాకు పిలుపు వచ్చింది. బృందంగా అదే మొదటిసారి. అయ్యవారికి తన వాళ్ళ ముందు, ఏళ్ళుగా ఆయన్ను ఎరిగినవాళ్ళ ముందు, ఆ కచేరీ. ఆయన ఎన్నడూ లేనిది రెండు ఆదివారాలు మాకంటే ముందే వచ్చి గది ఊడ్పించారు. కచేరీ మూడు వారాలుందనగా, సాధన అయ్యాక దోషాల పుస్తకం ఎప్పటికంటే ఎక్కువసేపు చూశారు.

"తల్లీ, ఈసారికి ఫ్లూటు ఒద్దులే. నువ్వు తాళం ఏస్తూ మా పక్కనే కూసో. వచ్చే ఏడాదికి సరిపోతాది," అన్నారు. ఆయన మెత్తగానే అన్నారు. ఆ అమ్మాయి "సరే అయివారూ" అని, వేణువును గుడ్డ సంచిలో పెట్టి ముడివేసుకుంది. తరువాతి ఆదివారం అక్క ఒక్కతే వచ్చింది.

"ఆ పాప యాడమ్మా?" అని అడిగారు అయ్యవారు.

"ఇంట్లో పనుందంట," అంది అక్క. నావైపు చూసింది.

ఆ సోమవారం మధ్యాహ్నం మిల్లులో కరెంటు పోయింది. చేతిలో పని లేక, కచేరీకి ఏయే సామాను పట్టుకుపోవాలో జాబితా రాద్దామని సామాను పుస్తకం తీశాను. సెల్లుల దగ్గర ఆగాను. కొత్తవి ఎప్పుడు వేశానో చూస్తే దాదాపు నెలకొకసారి. ఏ తేదీకి మళ్ళీ మార్చాలో లెక్క వేస్తూ, ఆ తేదీలు ఎక్కడో చూసినట్టనిపించి దోషాల పుస్తకం పక్కన పెట్టాను.

సెల్లులు మార్చిన ఆదివారాల్లో వేణువుకు ఒక్క 'శ్రు' కూడా లేదు. ఆ తర్వాతి ఆదివారం రెండు మూడు. దాని తర్వాతిది అయిదారు. సెల్లులు మార్చడానికి ముందు ఆదివారం గడి నిండా అదే అక్షరం. మళ్ళీ కొత్త సెల్లులు, మళ్ళీ ఖాళీ గడి. రెండు పుస్తకాలూ నా దస్తూరీలోనే ఉన్నాయి, నా బల్ల మీదే ఉండేవి. వాటిని పక్కపక్కన పెట్టి చూడడం అదే మొదటిసారి.

సెల్లు బలం తగ్గితే స్వరం పడిపోకుండా కాపాడే చిన్న విడిభాగం ఒకటుంటుంది. మిరియపు గింజంత. జీనర్ డయోడు అంటారు. నేను కొనబోయిన రోజు బళ్ళారి దుకాణంలో అది లేదు. 'తర్వాత పెట్టవలసినవి' అని ఒక కాగితం మీద రాసుకున్నాను. ఆ కాగితం పెట్టె మూత లోపలే అంటించి, మూత బిగించి, సీలు వేశాను.

షిఫ్టు దిగి, పెట్టె తీసుకుని నేరుగా అయ్యవారి ఇంటికి వెళ్ళాను. ఆయన అప్పుడే సంధ్యావందనం ముగించి అరుగు మీద కూర్చున్నారు. పాత శ్రుతిపెట్టె ఇమ్మని అడిగాను. అది రీడ్లతో పలుకుతుంది, సెల్లుతో దానికి సంబంధం లేదు. ఆయన భార్య లోపలినుంచి తెచ్చి, మీద దుమ్ము కొంగుతో తుడిచి ఇచ్చింది. నేను తిత్తి వేస్తూ, నా పెట్టె బొత్తం నొక్కాను.

రెండూ కలవలేదు. నా పెట్టె కిందుంది. అర స్వరానికి కాస్త తక్కువ, అంతే. తర్వాత కొత్త సెల్లులు వేసి మళ్ళీ నొక్కాను. రెండూ ఒకటైపోయాయి.

అయ్యవారు కళ్ళు మూసుకుని విన్నారు. "నా సెవి గూడ దాని ఎంటనే దిగింది సూడప్పా," అన్నారు చివరికి. "నలభై ఏండ్ల సెవి."

"తప్పు నాది అయివారూ."

"అది నాకు సెప్పితే ఏం లాభం? ఎమ్మిగనూరికి పో. ఆ పాపకు పోయి సెప్పు. ఈ పాత పెట్టె గూడ ఎత్తుకపో. మాటతో అయ్యేది కాదు అది."

గురువారం అరపూట సెలవు పెట్టి వెళ్ళాను. ఎమ్మిగనూరులో దిగి, బడి విడిచిపెట్టేదాకా ఉండి, అక్కను కలిశాను. దారిలో సంగతంతా చెప్పాను. అక్క వింటూ నడిచింది. "ఆ పొద్దు నీ లెక్కకు నేనూ నవ్వినా లేప్పా," అంది.

వాళ్ళ ఇంట్లో వాకిలి దాటగానే మగ్గం. గుంతలో కాళ్ళు పెట్టుకుని ఆ అమ్మాయి తండ్రి నేస్తున్నాడు. గోడ పక్కన ఆ అమ్మాయి రాట్నం మీద కండెలు చుడుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. తండ్రి నేత ఆపలేదు.

"పాపలో తప్పు పట్టిన పెట్టె ఇదేనా?" అన్నాడు, నాడె అటూ ఇటూ విసురుతూనే.

"కాదు మామా. ఇది పాతది. తప్పు పట్టింది నా పెట్టె. తప్పు ఆ పెట్టెలోనే ఉండె," అన్నాను. సెల్లుల సంగతి, రెండు పుస్తకాల సంగతి, జరిగిన వరసలోనే చెప్పాను. ఇంకోలా చెప్పడం నాకు చేతకాలేదు.

ఆ అమ్మాయి అంతా విని, "నాకు తెలుసన్నా," అంది. "మొదటి పాటకు సక్కగ ఉంటాది. మూడో పాటకు ఎక్కడికో దిగిపోయి ఉంటాది. నాకు ఇనపడ్తానే ఉండె."

"మళ్ళీ ఒకసారి గట్టిగా సెప్పింటే..."

"ఒకతూరి సెప్తి గదా. నువ్వు లెక్క ఏస్తివి, అందరూ నవ్విరి. పుస్తకంలో రాసినాక ఇంగ ఎవరు ఇంటారన్నా?"

నేను పాత పెట్టె కింద పెట్టి తిత్తి తెరిచాను. "ఒకసారి ఊదు," అన్నాను.

ఆ అమ్మాయి కదల్లేదు. అక్క బలవంతం చేస్తే లోపలికి పోయి సంచి తెచ్చింది. వేణువు బయటికి తీసింది. రంధ్రాల అంచులన్నిటికీ పసుపుగా ఏదో పూసి ఉంది.

"తేనె మైనం," అంది. "స్వరం దిగుతాదని పూసినా. రెండు రోజులు కూసోని పూసినా. షడ్జమం దిగింది గానీ మిగతాటివి యాడియాడనో ఉండాయి. ఇప్పుడు నీ పెట్టెకూ కలవదు, ఆ పెట్టెకూ కలవదు."

తప్పు లేని వేణువును నా పుస్తకం చూసి ఆ అమ్మాయే పాడుచేసుకుంది. అక్క తన జడలోంచి ఒక పిన్ను తీసి నా చేతిలో పెట్టింది. ఎండ పడుతున్న గడపలో వేణువును కాసేపు ఉంచి, మైనం మెత్తబడ్డాక ఒక్కొక్క రంధ్రం గీకసాగాను. "అట్ల కాదన్నా, అంచు గీసుకపోతాది. ఇట్ల తే," అని ఆ అమ్మాయి నా చేతిలోంచి తీసుకుంది. ఎనిమిది వేళ్ళ రంధ్రాలు, ఒక ఊదే రంధ్రం. తొమ్మిదీ తనే శుభ్రం చేసింది. నేను తిత్తి మాత్రం వేశాను.

ఆ తర్వాత ఊదింది. పెదవి లోపలికి తిప్పకుండా, నిండు గాలితో. షడ్జమం పెట్టె నాదంలో కలిసి, రెండింట్లో ఏది ఏదో తెలియలేదు. పంచమం, పై షడ్జమం కూడా అంతే. మగ్గం ఆగింది.

"తప్పు యాడుందో ఇప్పుడు తెలిసింది గదా," అన్నాడు తండ్రి.

"తెలిసింది మామా."

"అంతమంది ముందర ఒద్దన్నారు. అంతమంది ముందరే రమ్మనల్ల."

"ఆదివారం వస్తావా?" అని ఆ అమ్మాయిని అడిగాను.

"సూస్తాలే అన్నా," అని మళ్ళీ రాట్నం దగ్గర కూర్చుంది.

ఆదివారం అక్క ఒక్కతే గోదాము మెట్లెక్కి వచ్చింది. "నేను పిలిస్తి. ఎనక బస్సుకు వస్తానంది. వస్తాదో రాదో," అంది. కచేరీకి ఇంకా వారం ఉంది. నేను లేచి నిలబడి, జరిగినదంతా అందరికీ చెప్పాను. దోషాల పుస్తకంలో వేణువు పేరున్న ప్రతి 'శ్రు' నాదేనని చెప్పాను. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు.

"అంటే ఇన్ని నెలలూ నేను మృదంగాన్ని కింద నుంచి తట్టీ తట్టీ సచ్చింది నీ సెల్లుల కోసమా అన్నా?" అన్నాడు మృదంగం వాడు. చేతిలో రాయి పక్కన పెట్టి, "నేను గూడ ఆ పొద్దు ఎగతాళి సేస్తి గదా. ఆ పాప వస్తే నేను ఏం సెప్పల్ల?" అన్నాడు.

"ఏమీ సెప్పొద్దు. తాళం తప్పకుండా వాయించు, సాలు," అన్నారు అయ్యవారు.

ఇంకో గంట గడిచింది. ఒక పాట వాయించాం, మధ్యలోనే ఆపేశాం. మెట్ల మీద ఇద్దరి అడుగులు వినపడ్డాయి. ముందు తండ్రి వచ్చాడు. నేతపని మానుకుని వచ్చాడని చొక్కాకు అంటిన నూలుపీచు చూస్తే తెలుస్తోంది. గడప దగ్గరే, పత్తి బేలుకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయన వెనక ఆ అమ్మాయి, చేతిలో గుడ్డ సంచి.

అయ్యవారు లేవలేదు, వెనక్కి జరిగి తన పక్కన చాప మీద చోటు చేశారు. "రా తల్లీ, ఈడ కూసో." తర్వాత మావైపు తిరిగారు. "పెట్టెలన్నీ పక్కన పెట్టండప్పా. తీగలన్నీ వదులు సేయండి. ఈ పొద్దు అందరూ ఈ పాపకు కలపల్ల. తల్లీ, షడ్జమం పట్టు."

ఆ అమ్మాయి తండ్రి వైపు ఒకసారి చూసి వేణువు ఎత్తింది. ఒక్క స్వరం, నిలకడగా. అయిదు వయొలిన్ల బిరడాలు ఒకేసారి కదిలాయి. మేమందరం మామూలుగా ఉండే చోటికంటే పైకి, కొంచెం కొంచెంగా, ఆ స్వరాన్ని పట్టుకుని వెళ్ళాం. నా తీగలు ముందు కలిశాయి, తర్వాత పక్కవాడివి. ఘటం వాడికి చేయడానికేమీ లేక చేతులు కట్టుకుని వింటున్నాడు. గాలి అయిపోయినప్పుడల్లా ఆ అమ్మాయి ఆగి, మళ్ళీ అదే చోట అందుకుంటోంది. ఎవరూ తొందరపెట్టలేదు.

చివరికి వీణ ఒక్కటే మిగిలింది. అక్క ఆఖరి తీగ దగ్గర చెవి వంచి, "ఇంకొంచెం పట్టమ్మా, రాలేదింకా," అంది.

"నిదానంగా కలుపుకో అక్కా, పడతా," అంది ఆ అమ్మాయి. ఊపిరి పీల్చుకుని మళ్ళీ షడ్జమం అందుకుంది.